బోటు ఇంజనుకు ఏ అలారం, ఏ లైటు? చెన్నైలో బోటున్నవాళ్ల కోసం ఒక పోలిక

ఇంజను చెడిపోయే ముందు ఏదో ఒక సూచన ఇస్తుంది. ఆ సూచన మనకు ఎంత ముందుగా అందుతుంది, ఇంజను హోరులో అది చెవిన పడుతుందా లేదా అన్నవే అసలు ప్రశ్నలు. అలారాలు పెట్టించుకోవాలని వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువగా బోర్డు గురించే అడుగుతారు. మీటర్లు ఎన్ని ఉండాలి, స్క్రీను ఎంత పెద్దదుండాలి, ఫోనుకు మెసేజ్ వస్తుందా అని. నా లెక్కలో బోర్డు చివర్లో తేల్చుకోవాల్సిన విషయం. ముందు సెన్సర్లు, తర్వాత బజర్, ఆ తర్వాతే బోర్డు. డబ్బు కూడా ఆ వరసలోనే పెట్టాలి.

చెన్నైలో ఇది రెండు రకాల తెలుగువాళ్లకు పనికొస్తుంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు సరదాకో, గాలం వేటకో సొంతంగా స్పీడు బోటు ఉంచుకున్నవాళ్లు ఒకరు. నెల్లూరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కాశిమేడు హార్బరులో బోట్లు నడిపే సరంగులు, డ్రైవర్లు ఇంకొకరు. ఇద్దరి ఇంజన్లూ వేరు, వాడకమూ వేరు. ఎక్కడ సలహా మారుతుందో అక్కడే చెబుతాను.

ముందుగా చెప్పేది ఏది?

ఇన్‌బోర్డ్, అంటే బోటు లోపలే బిగించి ఉండే డీజిల్ ఇంజనులో సముద్రపు నీరు వెళ్లే దారి ఇది. అడుగునున్న వాల్వు నుంచి జల్లెడకు, అక్కడి నుంచి రబ్బరు ఇంపెల్లర్ (నీటిని నెట్టే రెక్కల చక్రం) ఉన్న పంపుకు, తర్వాత ఇంజను కూలెంటు వేడిని సముద్రపు నీరు లాక్కునే హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు, చివరికి పొగతో కలిసి ఎగ్జాస్ట్ గొట్టం గుండా బయటికి. చెన్నై తీరంలో ఈ దారి మూసుకుపోవడానికి కారణాలకు కొదవ లేదు. కూవం నది నోటి దగ్గర ప్లాస్టిక్ కవర్లు, వర్షాల తర్వాత కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, తెగిన వల ముక్కలు, సీజనులో జెల్లీఫిష్. కల్పాక్కంలోని మద్రాసు అణు విద్యుత్ కేంద్రానికే నీరు తీసుకునే చోట జెల్లీఫిష్ అడ్డుపడిన సందర్భాలున్నాయి. ఇక మన బోటు వాల్వు సంగతి చెప్పాలా!

ఇప్పుడు ఒక కవరు వాల్వుకు అతుక్కుందనుకోండి. మొదట వేడెక్కేది ఎగ్జాస్ట్ గొట్టం. పొగను చల్లబరిచే నీరు లేకపోతే వందల డిగ్రీల వేడి నేరుగా రబ్బరు గొట్టానికి తగులుతుంది. ఈలోగా తడి లేక తిరుగుతున్న ఇంపెల్లర్ రెక్కలు నలిగి ఊడిపోవడం మొదలవుతుంది. ఇంజను లోపల తిరిగే కూలెంటు వేడెక్కేది ఆ తర్వాత. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ లైటు వెలిగేది ఇంకా ఆ తర్వాత. అంటే చాలా బోట్లలో ఉన్న ఒకే ఒక్క వేడి అలారం వరసలో చివర మాట్లాడుతుంది. అది మోగేసరికి ఇంపెల్లర్ పోయుంటుంది, గొట్టం మాడి ఉండొచ్చు కూడా.

అందుకే నా మొదటి సలహా ఎగ్జాస్ట్ గొట్టం మీద పట్టీలా బిగించే ఉష్ణోగ్రత సెన్సర్. నీరు పొగతో కలిసే చోటుకు వీలైనంత దగ్గరగా, గొట్టం పైవైపున బిగిస్తారు. సుమారు 75 డిగ్రీల దగ్గర మోగేవి ఎక్కువగా దొరుకుతాయి. మామూలుగా నడుస్తున్నప్పుడు ఆ గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత వెచ్చగానే ఉండాలి కాబట్టి 75 అంటే నిజంగా ప్రమాదమే. ఊరికే మోగే అవకాశం తక్కువ. గొట్టానికి రంధ్రం పెట్టక్కర్లేదు, సెన్సర్‌కు ఉప్పునీరు తగలదు.

దీనికి పోటీ నీటి ప్రవాహ సెన్సర్. నీటి గొట్టాన్ని కోసి మధ్యలో బిగిస్తారు, లోపల చిన్న రెక్క ఉంటుంది, ప్రవాహం తగ్గితే రెక్క వాలి అలారం మోగుతుంది. కాగితం మీద చూస్తే ఇదే ముందు. నీరు ఆగిన క్షణానే చెబుతుంది. కానీ మన నీళ్లలో ఆ రెక్కకు నార చుట్టుకుంటుంది, పీతగుల్లలు పడతాయి, ఇసుక చేరుతుంది. కొన్నాళ్లకు అది తెరిచినట్టే బిగుసుకుపోయి నీరు లేకపోయినా ఉన్నట్టు చెబుతుంది. తప్పుగా మోగే అలారం కంటే మోగాల్సినప్పుడు మోగని అలారం ప్రమాదం. నెలకోసారి విప్పి శుభ్రం చేసే ఓపిక ఉంటే పెట్టుకోండి, లేకపోతే ఎగ్జాస్ట్ సెన్సరే నయం.

ఒక ముఖ్యమైన మినహాయింపు. పొగ గొట్టం నీటితో కలవకుండా నిలువుగా పైకి పోయే పెద్ద వేట బోట్లకు ఎగ్జాస్ట్ సెన్సర్ పనికిరాదు, అక్కడ గొట్టం ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. ఆ బోట్లకు ప్రవాహ సెన్సర్ పెట్టించాలి. లేదా హీట్ ఎక్స్‌ఛేంజర్ నుంచి సముద్రపు నీరు బయటికొచ్చే పైపు మీద ఒక ఉష్ణోగ్రత స్విచ్ పెట్టించాలి.

అలాగని కూలెంట్ టెంపరేచర్ స్విచ్ వద్దని కాదు. థర్మోస్టాట్ ఇరుక్కుపోయినా, కూలెంటు తిప్పే పంపు పోయినా చెప్పేది అదే. కాకపోతే రెండు సంగతులు చూసుకోవాలి. కూలెంటు కారిపోతే ఆ స్విచ్ గాల్లో మిగిలిపోతుంది, చుట్టూ ద్రవం లేక వేడిని సరిగ్గా పట్టుకోలేదు. అందుకని కూలెంటు ట్యాంకులో మట్టం తగ్గితే మోగే స్విచ్ కూడా పెట్టించగలిగితే మంచిది. రెండోది, ఎన్ని డిగ్రీల స్విచ్ అన్నది. కూలెంటుతో నడిచే ఇంజన్లకు 95 నుంచి 100 డిగ్రీల స్విచ్ సరిపోతుంది. నేరుగా సముద్రపు నీటితోనే చల్లబడే పాత ఇంజన్లలో లోపల ఉప్పు పేరుకోకుండా థర్మోస్టాట్‌ను 60 డిగ్రీల చుట్టుపక్కలే పెడతారు. వాటికి 98 డిగ్రీల లారీ స్విచ్ బిగిస్తే పెట్టనట్టే లెక్క. మర కలుస్తుంది కదా అని పుదుపేటలోనో, జీపీ రోడ్డులోనో దొరికిన స్విచ్ తెచ్చి బిగించే ముందు దాని మీదున్న అంకె చదవండి.

ఆయిల్‌కు మాత్రం లైటు చాలదు

ఇక్కడ నా సలహా తిరగబడుతుంది. వేడి విషయంలో మీటరు కంటే అలారం ముఖ్యం, ఎందుకంటే ఎవరూ మీటరు వైపు కన్నార్పకుండా చూస్తూ కూర్చోరు. ఆయిల్ ప్రెషర్ విషయంలో మీటరు కూడా కావాలి. మామూలు ఆయిల్ స్విచ్ 0.3 నుంచి 0.5 బార్ దగ్గర పనిచేస్తుంది. ఫుల్ స్పీడులో ఉన్న డీజిల్ ఇంజనుకు 3, 4 బార్ల ప్రెషర్ ఉంటుంది. అది 4 నుంచి 1కి పడిపోయినా ఎర్ర లైటు వెలగదు, బేరింగులు మాత్రం అప్పటికే అరగడం మొదలుపెడతాయి. మీటరు ఉంటే "నిన్న 4 ఉండేది, ఇవాళ 3 దాటడం లేదు" అని వారం ముందే తెలుస్తుంది. ఫిల్టరు మూసుకుపోవడం, ఆయిల్లో డీజిల్ కలవడం లాంటివి అలాగే బయటపడతాయి.

ప్రెషర్‌ను పట్టి మీటరుకు పంపే సెన్సర్‌ను సెండర్ అంటారు. మీటరుకూ లైటుకూ రెండిటికీ పనికొచ్చే జంట సెండర్లు ఉంటాయి. వీడీఓ లాంటి కంపెనీల సెండర్ మీద జీ అని రాసున్న టెర్మినల్ మీటరుకు, డబ్ల్యూకే అని రాసున్నది హెచ్చరిక లైటుకు. కొనేటప్పుడు మోసపోయేది ఓమ్‌ల (కరెంటుకు సెండర్ ఇచ్చే నిరోధం కొలత) దగ్గర. యూరప్ పద్ధతి సెండర్ 10 నుంచి 180 ఓమ్‌ల మధ్య పనిచేస్తుంది, అమెరికా పద్ధతిది 240 నుంచి 33 ఓమ్‌ల మధ్య, అదీ తలకిందులుగా. ఒకదాని సెండర్ ఇంకోదాని మీటరుకు కలిపితే ప్రెషర్ పెరిగేకొద్దీ ముల్లు తగ్గుతుంది. రెండూ ఒకేచోట, ఒకే జతగా కొనండి.

బరువుగా ఉండే ఈ జంట సెండర్‌ను సన్నని నిపుల్ (మరలున్న చిన్న పైపు ముక్క) మీద నేరుగా ఇంజనుకు బిగించడం నాకు అస్సలు ఇష్టం లేదు. అదురుకు నిపుల్ మొదట్లో సన్నని చీలిక వస్తుంది, ఆయిలంతా కిందికి పోతుంది. ఆయిల్ తట్టుకునే చిన్న హోస్‌తో సెండర్‌ను పక్కన గోడకు తెచ్చి బిగించడమే పద్ధతి. అలా తెచ్చినప్పుడు ఎర్తుకు వేరే వైరు లాగడం మరచిపోవద్దు, ఇంజనుకు తగలకపోతే అది పనిచేయదు.

చార్జింగ్ లైటును బ్యాటరీ లైటని తీసిపారేస్తుంటారు. చాలా ఇంజన్లలో ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టే కూలెంటు పంపునూ తిప్పుతుంది. నడుస్తుండగా చార్జింగ్ లైటు వెలిగిందంటే బెల్టు తెగిందేమో అని ముందు అనుమానించాలి. కాసేపట్లో వేడి లైటు కూడా వెలుగుతుంది. అందుకే దాన్ని కూడా బజర్‌కు కలపమంటాను.

బజర్: డబ్బు తక్కువ, విలువ ఎక్కువ

రిచీ స్ట్రీటులో బజర్లు వందల రూపాయల్లోనే దొరుకుతాయి. వాటి మీద 95 డెసిబెళ్లు అని రాసుంటే సంతోషపడొద్దు. అది ఎంత దూరంలో కొలిచారో చూడండి. 10 సెంటీమీటర్ల దూరంలో 95 అంటే ఒక మీటరు దూరంలో 75. ఇంజను గది పక్కన హోరు 90 దాటడం మామూలే. ఆ బజర్ మోగినా ఒకటే మోగకపోయినా ఒకటే. మీటరు దూరంలో కనీసం 100 వచ్చేది కావాలి, అది కూడా స్టీరింగ్ దగ్గర, మనిషి చెవి ఎత్తులో.

ఇంకొక సంగతి, కాశిమేడు బోట్ల విషయంలో ఇది చాలా ముఖ్యం. చిన్న పియెజో బజర్లు సన్నని కీచు గొంతుతో, 3000 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. ఏళ్ల తరబడి ఇంజను హోరులో పనిచేసినవాళ్లకు ముందు తగ్గేది సరిగ్గా ఆ 3000 నుంచి 6000 మధ్య వినికిడే. పాతికేళ్లు డ్రైవరుగా చేసిన మనిషికి ఆ కీచు వినపడకపోవచ్చు, పక్కనున్న కుర్రాడికి వినపడొచ్చు. అలాంటి బోట్లకు బొంగురు గొంతు హారన్, దానితోపాటు తిరిగే ఎర్ర లైటు ఒకటి పెట్టమని గట్టిగా చెబుతాను.

ఒక బోటులో బజర్ రంధ్రంలో గుడ్డ కుక్కి పైన టేపు చుట్టి ఉండటం చూశాను. ఎందుకని అడిగితే సరంగు, "ఊరికే అరుస్తోంది అన్నా, కుర్రోళ్లకి నిద్ర లేదు" అన్నాడు. విప్పి చూస్తే ఆయిల్ స్విచ్ వైరు ఇంజను బ్రాకెట్‌కు ఒరుసుకుని తొడుగు అరిగి, అదిరినప్పుడల్లా ఎర్తవుతోంది. గోరంత చోట రాగి బయటపడి మెరుస్తోంది, అంతే. నిజంగా ఆయిల్ పోయిన రోజున కూడా ఆ గుడ్డ అలాగే ఉండేది. కాబట్టి అలారాల్లో ఏది మంచిదని పోల్చేటప్పుడు వైరింగు నాణ్యతను కూడా లెక్కలో వేయండి. ఇక్కడి ఉప్పు గాలికి మామూలు రాగి వైరు లోపల్లోపలే పచ్చబడిపోతుంది. తగరం పూత ఉన్న వైరు ఖరీదెక్కువైనా అదే తీసుకోండి. కలిపిన చోట లోపల జిగురుండే హీట్ ష్రింకు తొడుగు వేయించండి. సరఫరా దగ్గర 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించండి, హారన్ పెద్దదైతే 5.

బజర్ ఆపే స్విచ్ అడుగుతుంటారు. నొక్కి పట్టుకున్నంతసేపే ఆగే స్ప్రింగు బటన్ పెట్టండి, ఒకసారి వేస్తే అలాగే ఉండిపోయే స్విచ్ వద్దు. తాళం తిప్పగానే స్టార్టు చేయకముందు ఆయిల్ లైటు వెలిగి బజర్ మోగుతుంది. దాన్ని గోల అనుకోవద్దు, రోజూ ఉచితంగా జరిగే పరీక్ష అది. మోగకపోతే ఆ రోజు కడుపులో కంగారు పడాల్సిందే.

ఇక బోర్డు

నాలుగు దారులున్నాయి. మొదటిది మనమే కట్టుకోవడం: స్విచ్‌కో లైటు, అన్నిటికీ ఒకే బజర్. అన్ని స్విచ్‌లనూ నేరుగా ఒకే బజర్‌కు కలిపితే ఒక స్విచ్ పడగానే అన్ని లైట్లూ వెలుగుతాయి. అందుకే ఒక్కో స్విచ్‌కు కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే డయోడ్ ఒకటి పెట్టాలి. 1ఎన్4007 చాలు, బజర్ నెగెటివ్ వైపు నుంచి ఒక్కో స్విచ్‌కు, డయోడ్ మీది తెల్ల గీత స్విచ్ వైపు ఉండేలా. బజర్ ఎక్కువ కరెంటు లాగేదైతే మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టాలి. కరెంటు పని తెలిసిన మనిషికి ఇది ఒక పూట పని, చెడిపోతే సముద్రం మీద కూడా బాగుచేసుకోవచ్చు. ఒంటి ఇంజను డీజిల్ బోటుకు నా ఓటు దీనికే.

రెండోది తయారుగా దొరికే అలారం ప్యానెల్. నీరు చొరకుండా మూసి ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. దానితో వచ్చే బజర్ చిన్నదైతే బయట పెద్దది కలిపే టెర్మినల్ ఉందో లేదో కొనకముందే అడగండి. లేకపోతే వదిలేయండి. మూడోది హెచ్చరిక కాంటాక్టులున్న మీటర్లు. ఆయిల్‌కు ఎందుకు మంచివో పైన చెప్పాను, మిగతావాటికి తప్పనిసరి కాదు.

నాలుగోది ఎన్ఎంఇఏ 2000 (బోటులోని పరికరాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే ప్రామాణిక పద్ధతి) నెట్‌వర్క్ మీద నడిచే స్క్రీను. కొత్త ఎలక్ట్రానిక్ ఇంజన్లు ఈ సమాచారాన్ని దాదాపు తయారుగా ఇస్తాయి, కన్వర్టరు ఒకటి చాలు. రెండు ఇంజన్ల బోటులో ఈ స్క్రీను నిజంగా అందం: కుడి ఇంజను ఎడమదాని కంటే 6 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందని పక్కపక్కనే కనపడుతుంది. పాత మెకానికల్ ఇంజనుకైతే సెన్సర్లన్నిటి సంకేతాలనూ మార్చే కన్వర్టరు కావాలి, ఖర్చు వేలల్లోంచి లక్షల వైపు వెళుతుంది. పైగా అన్నీ ఒకే డబ్బాలోంచి వస్తాయి. అది పోతే అన్నీ పోతాయి. స్క్రీను మెనూలో ఎవరో అలారం ఆపేసినా తెలియదు. ఎంత ఖరీదైన స్క్రీను పెట్టినా ఆయిల్, ఎగ్జాస్ట్ రెండిటికీ విడిగా వైరు లాగిన స్విచ్, విడి బజర్ ఉంచుకోండి.

లైట్ల విషయానికొస్తే చెన్నై ఎండలో పాత 2 వాట్ల బల్బు మధ్యాహ్నం వెలిగినా ఆరినట్టే కనపడుతుంది. ప్రకాశవంతమైన ఎల్ఈడీ, దాని పైన చిన్న గొడుగు ఉండాలి. రాత్రి వేటకు వెళ్లేవాళ్లకు అదే ఎల్ఈడీ కళ్లలో పొడుస్తుంది, కాబట్టి వెలుగు తగ్గించే ఏర్పాటు ఉంచుకోండి, పూర్తిగా ఆరిపోయేది మాత్రం కాదు. ఎరుపు ఆయిల్‌కు, వేడికి. పసుపు చార్జింగుకు, డీజిల్లో నీటికి. చార్జింగ్ బల్బును మాత్రం ఊరికే ఎల్ఈడీగా మార్చకండి. ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటు కావాలి. ఎల్ఈడీ అంత ఇవ్వలేదు. మార్చాల్సిందే అనుకుంటే, 12 వోల్టుల బోటులో దానికి సమాంతరంగా 68 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కలపండి.

ఇంజను దానంతటదే ఆగాలా?

జనరేటర్లలో ఉన్నట్టు ప్రెషర్ పడగానే ఇంజను ఆగిపోయే ఏర్పాటు కావాలని కొందరు అడుగుతారు. ఒడ్డు మీది జనరేటర్‌కు అది సరైనదే. బోటుకు వద్దు. హార్బరు నోటి దగ్గర, ఈశాన్య రుతుపవనాల అలల్లో, పక్కన బండరాళ్ల గట్టు ఉన్నప్పుడు ఇంజను పోయినా ఫర్వాలేదు, ఒక రెండు నిమిషాలు నడవాలి. ఆ నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలి. బయట సముద్రంలో ఆయిల్ అలారం మోగితే వెంటనే ఆపేయాలి. వేడి అలారమైతే ముందు ఐడిల్‌కు తెచ్చి వెనక నీరు పడుతోందో లేదో చూడాలి. పడకపోతే ఆపాలి.

ఏ బోటుకు ఏది

అవుట్‌బోర్డ్ మోటారున్న (వెనక బయటికి తగిలించే మోటారు) ఫైబర్ బోటుకు కొత్తగా పెద్దగా పెట్టాల్సిందేమీ లేదు. చాలా కంపెనీల మోటార్లలో వేడికి, ఆయిల్‌కు అలారం లోపలే ఉంటుంది, మోగినప్పుడు స్పీడు కూడా అదే తగ్గిస్తుంది. బజర్ రిమోట్ బాక్సులో ఉంటుంది, పాత బోట్లలో దాని వైరు తెగి ఉండటం సర్వసాధారణం. తాళం తిప్పినప్పుడు కూతొస్తుందో లేదో వినండి. మోటారు పక్కన నీటి ధార పడుతోందో లేదో చూడటం మానొద్దు. మిగిలిన డబ్బుతో అడుగున నీరు చేరితే మోగే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి.

పెట్రోలు ఇన్‌బోర్డ్ ఉంటే మొదటి అలారం పెట్రోలు ఆవిరి పట్టే సెన్సర్, మిగతావన్నీ దాని తర్వాతే. ఇంజను గదిలో పెట్టే ప్రతి రిలే, స్విచ్ నిప్పురవ్వ బయటికి రానివ్వని రకం అయుండాలి. లారీ రిలేలు అక్కడ పెట్టించనే పెట్టించొద్దు.

ఒంటి డీజిల్ ఇన్‌బోర్డ్‌కు: ఎగ్జాస్ట్ సెన్సర్, కూలెంట్ స్విచ్, ఆయిల్ మీటరూ లైటూ, చార్జింగ్ లైటు, అడుగు నీటి ఫ్లోట్ స్విచ్, ఒక పెద్ద బజర్. అశోక్ లేలాండ్ లాంటి ఇంజన్లున్న వేట బోట్లకు ఇవే, ఎగ్జాస్ట్ సెన్సర్ బదులు సముద్రపు నీటి పైపు స్విచ్, డీజిల్ ఫిల్టరు కింద నీటిని పసిగట్టే ప్రోబు, గేరుబాక్సు ఆయిల్‌కు ఒక స్విచ్.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి వేట బోట్లవాళ్లకు ఈ పనికి అదే మంచి సమయం. పని పూర్తయ్యాక మీ ఎదుటే పరీక్ష చేయించుకోండి. ఆయిల్ స్విచ్ వైరు తీసి ఇంజనుకు తాకిస్తే బజర్ మోగాలి. ఎగ్జాస్ట్ సెన్సర్‌ను విప్పి మరిగే నీళ్లలో ముంచితే మోగాలి. ఫ్లోట్‌ను వేలితో పైకెత్తితే మోగాలి. ప్రతి లైటూ దాని పేరున్న చోటే వెలుగుతోందో, పక్కది వెలుగుతోందో చూడండి. వాల్వు మూసి, ఇంజను నడిపి అలారం వస్తుందో లేదో చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలారం మోగుతుంది, ఇంపెల్లర్ కూడా పోతుంది.